పది గంటలకు ముల్లు చెప్పింది

నాకు కోపం తొందరగా వస్తుంది. వయసుతోపాటు తగ్గిందని ఇంట్లోవాళ్లు అంటారు గాని, నేనైతే నమ్మను. ఇరవై మూడేళ్లకు బి.ఎస్సీ., బి.ఇడి. పూర్తిచేసి, గుంటూరుకు పడమటగా నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరినప్పుడు మాత్రం ఆ కోపం నా ముక్కుమీదే కాపరం ఉండేది. అరవైల మొదట్లో మాట. ఒక ఆడమనిషి సైన్సు చెప్పడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. నేనేం చెప్పినా విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, పక్కనున్న మగాయన ముఖం చూసి, ఆయన తలూపాక అప్పుడు నమ్మేవాళ్లు. ఆయన తెలుగు మాస్టారైనా సరే, డ్రిల్లు మాస్టారైనా సరే. దానికి నాకు ఒళ్లు మండిపోయేది.

ఎవరి ముఖమూ చూడకుండా నన్ను నమ్మిన మనిషి ఆ ఊళ్లో ఒక్కతే. నేను అద్దెకున్న ఇంటావిడ. యాభై దాటిన మనిషి, పిల్లల్లేరు, భర్త పోయి మూడేళ్లయింది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది. అక్షరం ముక్క రాదు. చదువంటే ఆవిడకున్న గౌరవం చూసి నాకు మొదట్లో గర్వంగా ఉండేది, తర్వాత భయమేసింది. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడకు సొంత నేల లేదు. భర్త ఉండగా ఇద్దరూ కలిసి కౌలుకు చేసిన మూడెకరాల మిరప చేను ఉండేది. ఆయన పోయాక కూడా దాన్ని వదల్లేదు, కూలీలను పెట్టుకుని తనే చేసింది. చేను యజమాని గుంటూరులో ఉండేవాడు. ప్రతి ఉగాదికీ వచ్చి కౌలు మాట ఖాయం చేసి వెళ్లేవాడు. కిందటేడు కళ్లంలో ఉన్న కాయ వానకు తడిసి తెల్లబడిపోయింది. అది చూసి ఆయన, "ఒంటి ఆడమనిషివి, మిరప నీవల్ల కాదమ్మా. ఈ ఒక్క పంటా చూస్తాను. సరుకు ఎర్రగా రాకపోతే ఉగాదికి వేరేవాళ్లకిచ్చేస్తాను" అని చెప్పి వెళ్లాడట.

ఆ సంగతి చెప్పినప్పుడు ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. నాకందుకే నచ్చింది.

"ఆ గట్టుమీద ప్రతి రాయీ మేమిద్దరం ఏరి పెట్టిందేనమ్మాయ్. ఇంకొకడొచ్చి అందులో గుంటక తోలుతుంటే నేనీ ఊళ్లో ఎట్లా తిరగను?" అంది.

సాగర్ కాలవలు ఇంకా మా వైపు రాలేదు. పైరంతా వానను నమ్ముకుని పెరగాలి, కోసిన కాయంతా ఎండను నమ్ముకుని ఎండాలి. మిరప రైతుకు ఆకాశంతో ఉన్న పేచీ అదే. ఆగస్టులో రాని వానను తిట్టాలి, మార్చిలో వచ్చే వానను తిట్టాలి. పండిన కాయ కోసుకొచ్చి, పేడతో అలికి గట్టిచేసిన కళ్లంలో పలచగా పరిచి పదిరోజుల పైన ఎండబెడతారు. సాయంత్రం మంచు పడకుండా కుప్పచేసి కప్పడం, పొద్దున్నే మళ్లీ విప్పి పరవడం. ఆ రోజుల్లో ఊరి చుట్టూ కళ్లాలే, ఎటు చూసినా ఎరుపే. తుమ్మకుండా స్కూలుకు వెళ్లిన రోజు నాకు గుర్తులేదు.

పెద్దమ్మకొక అలవాటుండేది. పొద్దున కళ్లంలో కాలు పెట్టగానే గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల గింజలు ఎట్లా మోగుతున్నాయో విని, ఆరోజు కాయ పలచగా పరవాలా, మందంగా పరవాలా, ఎన్నిసార్లు తిరగెయ్యాలి అని తేల్చుకునేది. "రేడియోలో ఏం చెప్పారు పెద్దమ్మా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆవిడ నవ్వి, "నిన్నటికంటే గట్టిగా మోగుతోందిలే" అనేది.

పక్క కళ్లం ఒక సాయిబుగారిది. నాలుగెకరాల సొంత రైతు. ఆయన పెద్దమ్మను అక్కా అనేవాడు, పెద్దమ్మ ఆయన్ని తమ్ముడూ అనేది. ఆయన లెక్క గాలితో. భుజంమీద తువ్వాలు తీసి చేతిలో ఎత్తి పట్టుకుని, అదెటు ఎగురుతోందో చూసేవాడు. పడమటి గాలైతే మెట్టలమీదుగా వస్తుంది కనక పొడి గాలి, కాయకు మంచిది. తూర్పు గాలైతే సముద్రంమీదుగా వస్తుంది కనక తడి గాలి, అది రెండ్రోజులు ఆగకుండా వీస్తే జాగ్రత్తపడాలి. ఇదీ ఆయన సైన్సు. సైన్సంటే నాదేనని నా ధీమా కాబట్టి, నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని.

ఫిబ్రవరి చివర్లో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన మా స్కూలుకు ఒక భారమితి ఇచ్చాడు. పాదరసం గొట్టం రకం కాదు, గోడ గడియారంలా గుండ్రంగా ఇత్తడి చట్రంలో ఉండేది. లోపల గాలి తీసేసిన చిన్న రేకు డబ్బా, దానికి తగిలించిన ఒక ముల్లు. గాలి బరువు పెరిగితే డబ్బా నొక్కుకుని ముల్లు ఒకవైపు జరుగుతుంది, తగ్గితే రెండోవైపు. చుట్టూ గీతలు, గీతల పైన ఇంగ్లీషులో అందమైన అక్షరాలు: రెయిన్, చేంజ్, ఫెయిర్. హెడ్మాస్టరుగారు దాన్ని చూసి ముచ్చటపడి, "పిల్లలకొకసారి చూపించి బీరువాలో పెట్టి తాళం వేసెయ్యండమ్మా" అన్నారు. నేను వినకుండా సైన్సు గదిలో గోడకు తగిలించాను.

పదో క్లాసుకు పాఠం అద్భుతంగా చెప్పానని ఆరోజు నా అభిప్రాయం. మన నెత్తిమీద గాలి ఒక బరువై కూర్చుని ఉంటుంది. ఎక్కడ ఆ బరువు తగ్గితే అక్కడికి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతుంది. వచ్చి చేరిన గాలికి పైకి పోవడం తప్ప వేరే దారి లేదు. పైకి పోయినకొద్దీ తన మీద బరువు తగ్గి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడితే తనలో ఉన్న నీటి ఆవిరి సన్నని చుక్కలవుతుంది. అదే మబ్బు. చుక్కలు పెద్దవైతే వాన. కాబట్టి గాలి బరువు తగ్గుతోందంటే వాన దారిలో ఉందన్నమాట. ఇంతవరకూ అంతా సరిగ్గానే చెప్పాను.

తర్వాత నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకం తీసి వాతాగ్రాల గురించి మొదలుపెట్టాను. వెచ్చగాలి దండు ఒకటి, చల్లగాలి దండు ఒకటి ఎదురుపడినచోట ఏర్పడే సరిహద్దు. వెచ్చగాలి తేలిక కాబట్టి చల్లగాలి మీదికి ఎక్కుతుంది. ముందు చాలా ఎత్తున దూది పీచులాంటి మబ్బులు కనిపిస్తాయి, ముల్లు పడిపోతూ ఉంటుంది, ఒకరోజు గడిచేలోపు వాన. ముందు బెంచీ పిల్ల ఒకతె లేచి, "మన దగ్గర చల్లగాలి ఎక్కడుంది టీచర్?" అని అడిగింది. మార్చి నెల మొదలు, మధ్యాహ్నం, పైన పెంకులు కాలుతున్నాయి. క్లాసంతా నవ్వింది. నేను కోప్పడి కూర్చోబెట్టాను. ఆ పిల్ల అడిగింది ఎంత మంచి ప్రశ్నో తెలియడానికి నాకింకో వారం పట్టింది.

ఆరోజు పొద్దున పది గంటలకు స్కూలు మొదలయ్యేటప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి రాసుకున్నాను. సాయంత్రం నాలుగింటికి గదికి తాళం వెయ్యబోతూ మళ్లీ చూశాను. గీతన్నర పడిపోయి ఉంది. బయటికొచ్చి తల ఎత్తి చూస్తే, చాలా ఎత్తున, దూది పీచులాంటి మబ్బులు. పుస్తకంలో బొమ్మ వేసినట్టే ఉన్నాయి. మనిషికి తెలివి కొంచెమే ఉన్నప్పుడు ఇలాంటివి కలిసొస్తే ఇక పట్టలేం. నేను పుస్తకాలు చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, కళ్లానికి పరిగెత్తాను.

అప్పుడు కళ్లంలో మొదటి కోత ఉంది. ఇంకో ఆరేడు ఎండలు కావాలి. "రేపు వాన పెద్దమ్మా. కుప్పచేసి గట్టిగా కప్పించండి, రేపు విప్పకండి" అన్నాను. ఆవిడ ఆకాశం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "గడియారం చెప్పిందా?" అంది, భారమితిని ఆవిడ అలాగే అనేది. చెప్పిందన్నాను. అంతే, కూలీలను పిలిచి కుప్పచేయించి, తాటాకు చాపలు, గోనె పట్టాలు, ఉన్నదంతా కప్పించింది.

మర్నాడు పొద్దున కళ్లంలో పెద్దమ్మ చాప కొంచెం పైకెత్తి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపింది. మళ్లీ లోపల పడేసి చాప దించేసింది. ఎండ చురచురమంటోంది. సాయిబుగారు తన కాయ పరుచుకుంటూ నాతో, "పంతులమ్మగారూ, గాలి పడమటిదండి. ఇది వానొచ్చే గాలి కాదండి. అక్క కాయ విప్పించండి" అన్నాడు. నాకు చర్రుమంది. "మీ తువ్వాలు చెప్పినదానికీ పరికరం చెప్పినదానికీ తేడా ఉంటుందండీ" అన్నాను. ఆయన పెద్దమ్మ వైపు ఒకసారి చూసి, తన కాయ పరుచుకోవడంలో పడ్డాడు.

పది గంటలకు ముల్లు మళ్లీ పైకి లేచి ఉంది. పోనీలే, వాన తప్పిందనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి చూస్తే మళ్లీ గీతన్నర కింద! అయితే వాన రేపటికి వాయిదా పడిందన్నమాట. ఆ మాటే వెళ్లి చెప్పాను. కుప్ప రెండోరోజూ మూసే ఉంది. మూడోరోజూ అదే కథ. మూడోరోజు సాయంత్రం పెద్దమ్మ కుప్ప పక్కన కూర్చుని, పట్టా మీద చెయ్యి పెట్టి, "అమ్మాయ్, లోపల కాగుతోంది" అంది.

విప్పారు. లోపలనుంచి పొయ్యిమీది ఆవిరిలాంటి వేడి కొట్టింది, దాని వెనకే ఒక పులిసిన కంపు. పైన ఉన్న కాయ బాగానే ఉంది. లోపలికి పోయినకొద్దీ మెత్తగా, నల్లగా, తొడిమల దగ్గర తెల్లటి బూజుతో ఉంది. తడి ఆరని కాయ మూడురోజులు గాలి తగలకుండా ఉంటే అంతే. ఇది ఆ ఊళ్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. పెద్దమ్మకు తెలియదా? తెలుసు. తెలిసీ నాకోసం మూసిపెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. "నన్ను తిట్టండి పెద్దమ్మా" అన్నాను. ఆవిడ తిట్టి ఉంటే నాకెంతో బాగుండేది.

"నువ్వు నా మంచికేగా చెప్పావు. నా గుప్పెట నాకు చెప్పిందమ్మాయ్. నేనే వినలేదు" అంది.

సాయిబుగారు, ఆయన భార్య తమ కళ్లం వదిలిపెట్టి వచ్చి మాతోపాటు కూర్చుని మంచి కాయ వేరు చేశారు. నేను చెప్పానా అనే మాట ఆయన నోట రాలేదు, ఆరోజే కాదు, ఎప్పుడూ రాలేదు. సగానికి సగం పోయింది. మిగిలిన సగంలో కూడా రంగు తగ్గింది. పెద్దమ్మ చేను చేతిలో నిలవాలంటే ఇక రెండో కోతే దిక్కు.

నా కోపమంతా ఆ ఇత్తడి గడియారం మీదికి తిరిగింది. చెడిపోయిన దాన్ని అంటగట్టారనుకుని, ఆ ఆదివారం దాన్ని గోడనుంచి తీసి ఇంటికి తెచ్చుకున్నాను. తెల్లవారినప్పటినుంచి గంటగంటకూ చూసి రాశాను. పొద్దున ఆరునుంచి పైకి ఎక్కుతూ వచ్చి పది గంటలకు అన్నిటికంటే ఎత్తుకు చేరింది. అక్కడినుంచి దిగుతూ దిగుతూ నాలుగింటికి అన్నిటికంటే కిందికి పోయింది. చీకటి పడ్డాక మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు కూడా అంతే. గడియారం చెడిపోలేదు. మా దగ్గర గాలి బరువు ప్రతిరోజూ, వాన ఉన్నా లేకపోయినా, అలా ఎక్కి దిగుతూనే ఉంటుంది. చలిదేశాల్లో ఈ ఎక్కడం దిగడం కనిపించనంత తక్కువట. అందుకని అలాంటి దేశంలో పుస్తకం రాసినాయనకు ఆ సంగతి చెప్పాలని తోచలేదు. ముందు బెంచీ పిల్ల అడిగిన చల్లగాలి కూడా ఆయన దేశానిదే, మనది కాదు. ఆయన తన ఆకాశం గురించి నిజమే రాశాడు. దాన్ని తీసుకొచ్చి మిరప కళ్లం మీద కప్పినదాన్ని నేను.

పుస్తకంమీద కోపం పోయింది, నామీద మొదలైంది. మూడురోజులు వరసగా అదే సమయానికి అంతే దిగితే, అది రోజూ దిగేదేమోనన్న అనుమానం రావద్దా? అనుమానించడమే సైన్సని పిల్లలకు చెప్పే నేను, నన్ను నమ్మని ఊరికి నేనేంటో చూపించాలన్న తొందరలో ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. ముల్లును పొద్దుటితో సాయంత్రం పోల్చకూడదు. నిన్న పదింటికి ఎక్కడుందో, ఇవాళ పదింటికి ఎక్కడుందో చూడాలి. గడియారాన్ని మళ్లీ సైన్సు గది గోడకు తగిలించి, రోజూ పదింటికి చూసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ముల్లు గురించి మళ్లీ నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

రెండో కోత కళ్లంలో పడింది. దేవుడి దయవల్ల ఎండలు బాగా కాశాయి. కాయ ధగధగమంటూ ఎర్రగా ఎండుతోంది. ఉగాదికి ఎనిమిది రోజులుందనగా పెద్దమ్మ గుప్పెడు కాయలు ఊపి నా చెవి దగ్గర కూడా పెట్టింది. చిన్న గజ్జెల్లా మోగాయి. "ఇంకో రెండెండలు చాలమ్మాయ్, తొక్కి బస్తాల్లోకెత్తుకోవచ్చు" అంది. మొదటి కోత పోయాక ఆవిడ ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

మర్నాడు పదింటికి ముల్లు నిన్నటికంటే ఒక గీత కింద ఉంది.

పొద్దుటి పూట, అన్నిటికంటే ఎత్తున ఉండాల్సిన సమయంలో, నిన్నటికంటే కింద. నేను రాసుకున్న అన్ని రోజుల్లోనూ అలా ఎప్పుడూ లేదు. కిటికీలోంచి చూస్తే ఆకాశం నీలంగా, అమాయకంగా ఉంది. గాలి మాత్రం తూర్పుకు తిరిగింది. గాలిలో తడి ఎక్కువై, స్టాఫ్ రూములో కూజా చెమ్మ ఆరక చుట్టూ బల్లంతా తడిసి ఉంది. ఇది నిజమేనని నా మనసు చెబుతోంది. నోరు మాత్రం పెగల్లేదు. మళ్లీ చెప్పి, మళ్లీ కప్పించి, మళ్లీ అది తప్పయితే? ఆ చేను నా చేతుల మీదుగా పోతే? నేను భయపడ్డాను. పెద్దమ్మ గురించి భయమని నాకు నేను చెప్పుకున్నాను గాని, నా పరువు గురించి కూడా భయమే.

ఒంటిగంటకు అన్నానికి ఇంటికెళ్లాను. పెద్దమ్మ కూడా కళ్లంనుంచి వచ్చి ఉంది. కంచం ముందు కూర్చున్నానేగాని ముద్ద దిగలేదు. మంచినీళ్లకని ఒకసారి, చెయ్యి కడుక్కుంటానని ఒకసారి, ఊరికే ఒకసారి వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసొచ్చాను. నేనేమీ చెప్పలేదు. బడికి తిరిగి వెళ్లిపోయాను.

మూడు దాటాక పడమట నల్లగా మబ్బు కట్టింది. కట్టడం కాదు, లేచింది. గంటలోపు సగం ఆకాశం ఎక్కింది. పాఠం మధ్యలో వదిలేసి, క్లాసుకు సెలవిచ్చి పరిగెత్తాను. దారి పొడుగునా కళ్లాల్లో జనం అరుపులు, పట్టాలు లాగుతున్నారు, చేటలతో, గంపలతో, చేతులతో కాయ ఎగదోస్తున్నారు. ఎదురుగాలికి దుమ్ము కళ్లలో పడుతోంది. పెద్దమ్మ కళ్లం కనిపించేదాకా పరుగు ఆపలేదు.

కుప్ప కప్పేసి ఉంది. మొత్తం సరుకు ఒక్కచోట, చుట్టూ మట్టి కట్ట, పైన చాపలు, ఆపైన ఎక్కడో అరువు తెచ్చిన టార్పాలిన్. సాయిబుగారు చివరి తాడు ముడి వేస్తున్నాడు. పెద్దమ్మ రెండోవైపు రాయి పెడుతోంది. పక్కనున్న సాయిబుగారి కళ్లంలో కాయంతా పరిచింది పరిచినట్టే ఉంది.

ముడి బిగించి ఆయన తన కళ్లం వైపు ఉరికాడు. మేమిద్దరం వెనకే వెళ్లాం. ఆయన భార్య అప్పటికే కొంగులో కాయలెత్తుతోంది. నాలుగు గంపలు ఎత్తామో లేదో పెద్ద చినుకులు మొదలయ్యాయి. తర్వాత అది చినుకుల లెక్కలో లేదు. కాయలు నీళ్లలో తేలుతూ కళ్లం అంచు దాటి కాలవలోకి పోతుంటే, ఆయన చేటతో అడ్డం పెడుతూ నిలబడ్డాడు.

వాన వెలిశాక పెద్దమ్మను అడిగాను, ఎట్లా తెలిసిందని. ఆవిడ తల తుడుచుకుంటూ చెప్పింది.

"పొద్దున కాయ ఊపితే మోగలేదమ్మాయ్. నిన్న గలగలమన్న కాయ రాత్రికి రాత్రి మెత్తబడింది. అయినా ఎండ బాగుంది కదా, చూద్దామనుకున్నా. తర్వాత నువ్వు అన్నం తినకుండా మూడుసార్లు బయటికెళ్లి ఆకాశం చూశావు. నీ ముఖం చూశాను. ఇక ఆలోచించలేదు."

"మరి సాయిబుగారు?"

"తూర్పు గాలి తిరిగి ఒక్క పూటేగా అక్కా, రేపు కూడా వీస్తే చూద్దాం అన్నాడు. నమ్మలేదు. అయినా నేనొక్కదాన్నే కప్పలేనని, తన పని మానుకుని వచ్చాడు. ఈలోపు మబ్బొచ్చేసింది."

నేను లెక్కవేసుకోకుండా ఉండలేకపోయాను. పెద్దమ్మ పని మొదలుపెట్టింది ఒంటిగంట తర్వాత. నాకు తెలిసింది పదింటికి. ఆ మూడుగంటలు ఉంటే రెండు కళ్లాలకూ సరిపోయేది.

ఉగాదికి చేను యజమాని వచ్చాడు. ఊళ్లో ఎవరి కాయ చూసినా తెల్లగా, మచ్చలతో ఉంది. పెద్దమ్మ సరుకు చూసి, గుప్పిట్లోకి తీసుకుని, "ఈ ఏడు ఊరు మొత్తంమీద ఎరుపు నీ దగ్గరే ఉందమ్మా. నీ చేను నువ్వే చేసుకో" అన్నాడు. మొదటి కోత ఎందుకలా అయిందని అడిగితే నేను నోరు విప్పబోయాను. పెద్దమ్మ నాకంటే ముందే, "నాదే పొరపాటు బాబూ, రెండోసారి దిద్దుకున్నాను" అనేసింది. ఆ సాయంత్రం చేనిదాకా వెళ్లి, గట్టుమీద రాళ్ల దగ్గర చాలాసేపు ఒక్కతే కూర్చుని వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది. అంత సంతోషంలోనూ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

ఊళ్లో మాత్రం కథ మరోలా పాకింది. పంతులమ్మగారి గడియారం ముందే చెప్పిందట, అందుకే వాళ్లింటావిడ సరుకు దక్కిందట. ఎదురైన ప్రతివాళ్లూ నమస్కారం పెడుతున్నారు. ఎవరి ముఖమూ చూడకుండా నా మాట నమ్మే రోజు వచ్చింది. దానికోసం ఎంత పడిచచ్చానో, అది వచ్చాక అంత సిగ్గుపడ్డాను. నాలుగోరోజు ఉండబట్టలేక సాయిబుగారి ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో రంగు పోయిన కాయ ఆరబెట్టుకుంటున్నాడు.

"నాకు ఆరోజు పదింటికే తెలుసండీ. ముల్లు నిన్నటికంటే కింద ఉంది. మళ్లీ తప్పవుతుందేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు" అన్నాను.

ఆయన చేతిలో కాయ కింద పెట్టాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"మీరు చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదేమోనండి. కాని చెప్పి ఉంటే, నమ్మని తప్పు నాదయ్యేది పంతులమ్మగారూ" అన్నాడు.

ఆయనకు విత్తనానికి పనికొచ్చే కాయ ఒక్కటి కూడా మిగల్లేదు. పెద్దమ్మ తన సరుకులోనుంచి మేలైన కాయ ఏరి, గింజ కొట్టి, కొంగులో మూటగట్టుకుని వెళ్లి ఇచ్చొచ్చింది. నేను చేసిందల్లా ఒక పెద్ద పలక తెచ్చి బడి గోడకు రోడ్డు వైపు తగిలించడమే. ప్రతిరోజూ పది దాటగానే రాసేదాన్ని: నిన్న పదింటికి ముల్లు ఎక్కడుంది, ఇవాళ ఎక్కడుంది, దాన్నిబట్టి నాకేమనిపిస్తోంది. అడుగున "ఇది తప్పు కావచ్చు" అని ఒక మాట. ఆ మాట హెడ్మాస్టరుగారికి నచ్చలేదు. "మనమే అలా రాసుకుంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు. నేను చెరపలేదు. చాలాసార్లు తప్పయింది కూడా. సాయిబుగారు ఆ పలక ముందు ఆగి చదివి, తువ్వాలు ఎత్తి గాలి చూసుకుని, అప్పుడు ముందుకెళ్లేవాడు.

మరుసటి ఏడు అదే చేలో, అదే గట్టు లోపల కాసిన కాయ కళ్లంలోకొచ్చింది. బడి లేని రోజు పొద్దున్నే నేను కూడా వెళ్లాను. పెద్దమ్మ నన్ను చూసింది గాని పలకరించలేదు. ముందు వంగి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊపింది. విన్నంతసేపు విని, కాయలు కింద పోసి, అప్పుడు నా వైపు తిరిగి, "ఇక నువ్వు చెప్పమ్మాయ్" అంది.